మీడియా అంతా లిబరల్సే అంటారు మా బావగారు. మరి ఫాక్స్ అంత బలంగా ఎలా ఎదిగింది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్తే. మా అక్కా బావగారూ టెక్సస్‌లో ఉంటారు, వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. ఆదివారం వీడియో కాల్‌లో పిల్లల చదువులు, అమ్మ మోకాళ్ల నొప్పులు అయిపోయాక బావగారు రాజకీయాల్లోకి దిగుతారు. "ఇక్కడ మీడియా అంతా లిబరల్స్ చేతుల్లో ఉంది, నిజం చెప్పేది ఒక్క ఫాక్సే" అన్నది ఆయన పల్లవి.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. నా అభిప్రాయం దాచుకోను. అబార్షన్, తుపాకులు, వలసలు, ఆరోగ్య బీమా, ఏది తీసుకున్నా నాది లిబరల్ వైపే. కానీ బావగారితో మాట్లాడేటప్పుడు నా దగ్గర కోపమే తప్ప సరుకు ఉండటం లేదు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ ప్రకటించినప్పుడు మా వీధిలో రెండిళ్లలో టెన్షన్‌తో ఎవరూ నిద్రపోలేదు. బావగారు మాత్రం అదీ మన మంచికే అన్నారు. ఆయనకు గ్రీన్ కార్డు ఎప్పుడో వచ్చేసింది లెండి.

పెద్ద పత్రికలు, యూనివర్సిటీలు, హాలీవుడ్ చాలావరకు లిబరల్ వైపే ఉన్నమాట నిజమే. అలాంటప్పుడు కన్జర్వేటివ్‌ల గొంతు ఇంటింటికీ ఎలా చేరింది? ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ ఎత్తేయబట్టే ఫాక్స్ న్యూస్ పుట్టిందని చాలా చోట్ల చదివాను. అంతేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. తిట్లు వద్దు, అవి నాకూ వచ్చు.

గునుపూర్ కేబుల్

అమ్మా, మీ సబ్జెక్టు నేను చదవలేదు. గునుపూర్‌లో కేబుల్ కనెక్షన్లు ఇస్తాను, వానొస్తే స్తంభాల వెంట తిరుగుతాను. ఓటు మాటకొస్తే నేనూ మీ పక్షమే. అయితే మనవాళ్లు ఎప్పుడూ యాంకర్‌ని తిడతారు. నా కన్ను మాత్రం వైరు మీదకే పోతుంది. ఆ యాంకర్‌ని ఇంట్లోకి తెచ్చింది ఎవరు, ఎవరి డబ్బుతో అన్నది ముందు చూడాలి.

ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ మాట బావగారి ముందు అనకండి, దొరికిపోతారు. 1949లో ఎఫ్‌సీసీ, అంటే అమెరికాలో రేడియో, టీవీ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ, పెట్టిన రూలు అది. రేడియో, టీవీ లైసెన్సు ఉన్నవాడు వివాదం ఉన్న విషయాల్లో రెండో పక్షానికీ చోటివ్వాలి. గాలిలో తరంగాలు కొన్నే, అవి జనానివి అన్న వాదనతో 1969లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. 1987లో రీగన్ హయాంలో ఎఫ్‌సీసీయే ఎత్తేసింది. అంతకు కొద్ది వారాల ముందే దాన్ని చట్టం చేద్దామని కాంగ్రెస్ బిల్లు పంపితే రీగన్ వీటో చేశాడు. ఇదంతా నిజమే, కానీ ఆ రూలు రాసింది గాలిలో ప్రసారం చేసే స్టేషన్ల కోసం. ఫాక్స్ న్యూస్ కేబుల్ మీద వచ్చింది. ఆ రూలు ఉన్నా దానికి అడ్డం పడేది కాదు.

రూలు పోవడం కలిసొచ్చింది రేడియోకి. అప్పటికి పాటలన్నీ ఎఫ్‌ఎంకు వెళ్లిపోయాయి, ఏఎం స్టేషన్లు ఈగలు తోలుకుంటున్నాయి. 1988లో రష్ లింబా అనే కన్జర్వేటివ్ రేడియో వ్యాఖ్యాత తన షోని దేశమంతటికీ తెచ్చాడు. మొదట్లో స్టేషన్లను డబ్బు అడగలేదు, ప్రకటనల నిమిషాల్లో వాటా తీసుకున్నారు. ఖాళీగా కూర్చున్నవాడికి రోజూ గంటల తరబడి ప్రోగ్రాం ఊరికే వస్తుంటే వద్దంటాడా? నేనైనా తీసుకుంటాను. తర్వాత 1996 టెలికాం చట్టం వచ్చింది. దేశం మొత్తం మీద ఒక కంపెనీకి 40 రేడియో స్టేషన్లు దాటకూడదన్న పరిమితి దాంతో పోయింది. క్లియర్ ఛానల్ అనే కంపెనీ వెయ్యికి పైగా స్టేషన్లు పోగేసింది. ఆ చట్టం మీద సంతకం పెట్టింది క్లింటన్. మన పక్షం వాడే. ఈ సంగతి మనవాళ్లు పెద్దగా ఎత్తరు.

ఇక ఫాక్స్. దాని యజమాని మర్డోక్ ఆస్ట్రేలియా వాడు. విదేశీయుడికి టీవీ స్టేషన్లు ఇవ్వరని 1985లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. 1996 అక్టోబర్ 7న ఫాక్స్ న్యూస్ మొదలుపెట్టి రోజర్ ఎయిల్స్ చేతికిచ్చాడు. 1968లో నిక్సన్‌కి టీవీలో ఎలా కనపడాలో నేర్పిన మనిషి ఈ ఎయిల్స్. అక్కడి పద్ధతి ప్రకారం ఛానల్‌కి కేబుల్ కంపెనీయే డబ్బు కట్టాలి. మర్డోక్ ఎదురు కట్టాడు, చందాదారు తలకి 10 డాలర్ల దాకా. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఇది మాకు రోజూ ఉన్నదే. క్యారేజ్ ఫీజు అంటాం. బాక్స్ ఆన్ చేయగానే ఒక న్యూస్ ఛానల్ దానంతటదే వస్తుంది చూడండి, ఆ చోటు కూడా డబ్బు కట్టి కొనుక్కున్నదే. జనం రిమోట్ వెతుక్కునేలోపు వాళ్లకి నాలుగు చూపులు దక్కుతాయి.

న్యూయార్క్‌లో మాత్రం టైమ్ వార్నర్ కేబుల్ ఫాక్స్‌ని ఎక్కించుకోలేదు. సీఎన్ఎన్ అప్పుడే వాళ్ల సొంతమైంది, పోటీవాడికి చోటెందుకిస్తారు? మేయర్ జూలియానీ మర్డోక్ పక్షాన దిగాడు. నగరపాలనకు ఉన్న సొంత ఛానల్‌లో ఫాక్స్‌ను వేస్తామన్నాడు. కోర్టు ఆపింది. 1997లో రాజీ కుదిరి ఫాక్స్ ఎక్కింది. జనం మనసు గెలవడం తర్వాతి సంగతి, ముందు ఆ ఛానల్ నంబర్ కోసం ఇంత కొట్లాట జరిగింది.

ఇప్పుడు లెక్క తిరగబడింది. కేబుల్ కంపెనీలే ఫాక్స్‌కి నెలకి చందాదారు తలకి రెండు డాలర్ల పైచిలుకు కడుతున్నాయి. అది ప్యాకేజీ బిల్లులో కలిసిపోతుంది. మీ బావగారి పక్కింటివాడు పక్కా డెమోక్రాట్ అయినా, కేబుల్ ఉంటే ఫాక్స్‌కి నెలనెలా కడుతున్నట్టే. ఫలానా యాంకర్ మీద కోపంతో ప్రకటనలు ఆపించినా ఆ ఛానల్ కుదేలవకపోవడానికి ఇదో పెద్ద కారణం.

మన దగ్గర 2019లో ట్రాయ్ (టెలికాం, కేబుల్ రేట్లు చూసే ప్రభుత్వ సంస్థ) ఏ ఛానల్ రేటు ఆ ఛానల్‌కి విడిగా చూపించాలంది. అప్పుడు మా లైన్‌లో ఒక పెద్దావిడ నన్ను గుమ్మంలో నిలబెట్టి జాబితా అంతా చదివించుకున్నారు. ఒక్కో పేరుకీ "ఉంచు", "తీసెయ్" అంటూ పోయారు. ఒక తెలుగు న్యూస్ ఛానల్ దగ్గర ఆగి, "వీడు అరుస్తాడు, తీసెయ్ బాబూ" అన్నారు. సాయంత్రానికి తీసేశాను. చాలామంది ఇంత శ్రమ పడక బొకేలే, అంటే ఛానళ్ల కట్టలే, తీసుకుంటారనుకోండి. కానీ అక్కడ కేబుల్ ప్యాకేజీలో ఆవిడలాగా అనే వీలే లేదు.

సిల్క్ సిటీ (బరంపురం)

అన్నా, వైర్ల కథ బాగుంది. కానీ వైరు వేస్తే జనం వచ్చేస్తారా? 2004లో లిబరల్స్ ఎయిర్ అమెరికా అని రేడియో నెట్‌వర్క్ పెట్టారు, 2010లో మూతపడింది. ఆ వైరు ఎందుకు పనిచేయలేదు?

నేను మీ ఇద్దరి పక్షం కాదు, ముందే చెబుతున్నా. 1969లో ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ, టీవీ వార్తలు న్యూయార్క్, వాషింగ్టన్‌లో ఉండే పిడికెడు మంది చేతిలో ఉన్నాయని తిట్టాడు. ఆ మనిషి తర్వాత లంచాల గొడవలో పదవి పోగొట్టుకున్నాడు, అది వేరే సంగతి. ఆ రోజు అన్న మాట మాత్రం కోట్లమందికి తమ మాటే అనిపించింది. చర్చికెళ్లే చిన్న ఊరివాడు టీవీ పెడితే తనలాంటివాడు జోకుల్లో తప్ప కనపడడు. ఆ కడుపుమంటని ఎయిల్స్ కనిపెట్టాడు.

మన సంగతే చూడండి. భువనేశ్వర్ ఛానళ్లకి మనం తెలుగోళ్లం, హైదరాబాద్ ఛానళ్లకి ఒడిశా వాళ్లం. రేపు ఎవడో వచ్చి "బరంపురం తెలుగువాళ్లకి అన్యాయం జరుగుతోంది" అని రోజూ రాత్రి తొమ్మిదింటికి అరిస్తే మా ఇంట్లో మొదట చూసేది మా నాన్న, రెండోది నేను. తప్పో ఒప్పో తర్వాత చూసుకుంటాం.

ఇంకో మాట. లిబరల్ వైపు మాట్లాడే ఎంఎస్‌ఎన్‌బీసీ ఛానల్ చేసింది కూడా ఇదే వ్యాపారం కదా? 2025లో గాలప్ అనే సర్వే సంస్థ అమెరికన్లను అడిగితే మీడియాని నమ్ముతామన్నవాళ్లు 28 శాతం. ఆ పాపమంతా ఫాక్స్ మీదే వేస్తారా?

మహేంద్రతనయ

బరంపురం తమ్ముడూ, కడుపుమంట సంగతి ఒప్పుకుంటాను. మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో కూడా తెలుగు, ఒడియా మాట వచ్చినప్పుడల్లా అది కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఎంఎస్‌ఎన్‌బీసీ, ఫాక్స్ రెండూ ఒకటే అంటే ఒప్పుకోను. మీరు చెప్పిన ఆ అతుక్కుపోయే జనం వల్ల ఫాక్స్‌కి 2020లో ఏమైందో చూడండి.

ఎన్నికల రాత్రి అరిజోనా రాష్ట్రం బైడెన్‌దే అని అందరికంటే ముందు ప్రకటించింది ఫాక్సే. ఆ లెక్క నిలబడింది కూడా. కానీ చూసేవాళ్లకు మండింది, కొందరు న్యూస్‌మ్యాక్స్ అనే ఇంకో కన్జర్వేటివ్ ఛానల్‌కి మళ్లారు. ఇక ఫాక్స్ వాళ్లు ఓటింగ్ యంత్రాల్లో మోసం జరిగిందన్న కథకి తెర ఇచ్చారు. డొమినియన్ అనే యంత్రాల కంపెనీ కోర్టుకెళ్తే లోపలి మెసేజ్‌లు బయటపడ్డాయి. ఆ కథను ఫాక్స్ పెద్ద యాంకర్లే లోలోపల నమ్మలేదు. టక్కర్ కార్ల్‌సన్ అయితే ట్రంప్ అంటే తనకు ద్వేషమని మెసేజ్‌లో రాసుకున్నాడు. 2023 ఏప్రిల్‌లో ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడింది. అబద్ధమని తెలిసీ, చూసేవాళ్లు పారిపోతారన్న భయంతో నడిపించడం ఇది. ఎంఎస్‌ఎన్‌బీసీ ఒకవైపే మాట్లాడుతుంది, అది నాకూ విసుగే. కానీ ఈ స్థాయిది ఒక్కటి చూపించండి, నేను నోరు మూసుకుంటాను.

నాగావళి (రాయగడ)

కొన్నాళ్లు ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం చేసి వచ్చాను. మీరంతా కేబుల్ దగ్గరే ఆగిపోయారు. అక్కడ పెద్దవాళ్లు నమ్మేది సాయంత్రం లోకల్ స్టేషన్‌లో వాతావరణం చెప్పే మనిషిని. ఆ లోకల్ స్టేషన్లు కూడా ఇప్పుడు కొద్ది కంపెనీల చేతిలో ఉన్నాయి. 2018లో సింక్లెయిర్ అనే కంపెనీ తన స్టేషన్ల యాంకర్లందరి చేతా ఒకే స్క్రిప్టు చదివించింది, ఇతర మీడియా అబద్ధాలు చెబుతోందని. ఎవరో వాటన్నింటినీ పక్కపక్కన పెట్టి వీడియో చేస్తేగాని జనానికి తెలియలేదు. ఎవరి ఊళ్లో వాళ్లకి అది మన ఊరి యాంకర్ సొంత మాటే.

2025 సెప్టెంబర్‌లో ఏబీసీ నెట్‌వర్క్‌లో రాత్రిపూట వచ్చే జిమ్మీ కిమ్మెల్ కామెడీ షో ఆగింది గుర్తుందా? ఎఫ్‌సీసీ ఛైర్మన్ బ్రెండన్ కార్ బహిరంగంగా బెదిరించాడు. లోకల్ స్టేషన్ల కంపెనీలు నెక్స్‌స్టార్, సింక్లెయిర్ తమ స్టేషన్లలో వేయం అన్నాయి, ఏబీసీ ఆపేసింది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చిందనుకోండి. అప్పటికి నెక్స్‌స్టార్ ఇంకో పెద్ద కంపెనీని కొనే పనిలో ఉంది, దానికి ఎఫ్‌సీసీ అనుమతి కావాలి. గునుపూర్ అన్నగారు చెప్పిన వైరు సంగతే ఇదీ.

"మీడియా లిబరల్స్ చేతుల్లో" అనే బావగారికి వాషింగ్టన్ పోస్ట్ కథ చెప్పండి. 2024 ఎన్నికల ముందు కమలా హారిస్‌కి మద్దతుగా సంపాదకీయం సిద్ధమైతే యజమాని బెజోస్ ఆపించాడు. రెండున్నర లక్షల మందికి పైగా చందా మానేశారు. రాసేవాళ్లు లిబరల్స్ అయితే అవుతారు, సంతకం పెట్టేవాడు వేరు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఊరి పత్రికలు పోవడం. 2005 నుంచి అక్కడ మూడో వంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా అత్తగారు కాశీనగర్ వైపు ఉన్నారు. రెండు రోజులు ఏ సమాచారమూ లేదు. నేను రాయగడలో టీవీ పెట్టుకుని కూర్చుంటే ఒక భాష ఛానల్ పలాసలో ఆగిపోయింది, ఇంకో భాష ఛానల్ గోపాలపూర్ సముద్రాన్ని చూపిస్తోంది. మధ్యలో వంశధార ఒడ్డున ఊళ్లు ఉన్నాయన్న మాటే లేదు. చివరికి ఒక లారీ డ్రైవర్ ద్వారా క్షేమంగా ఉన్నారని తెలిసింది. ఒహాయోలో ఆ ఊరివాళ్లకి ఇది ఏడాది పొడుగునా ఉండేది. స్కూల్ బోర్డు ఏం చేసిందో చెప్పేవాడు లేడు, సరిహద్దులో ఏం జరుగుతోందో మాత్రం ప్రతి రాత్రీ తెలుస్తుంది. 2025లో పబ్లిక్ రేడియో, టీవీలకిచ్చే 110 కోట్ల డాలర్లు కాంగ్రెస్ రద్దు చేసింది. ఆ డబ్బు మీద ఎక్కువ ఆధారపడ్డవి ఇలాంటి చిన్న ఊళ్ల స్టేషన్లే.

సిల్క్ సిటీ

లోకల్ పత్రికల మాట నిజం అక్కా, దానికి నా దగ్గర జవాబు లేదు. డొమినియన్ కూడా ఒప్పుకుంటా. అయితే 2024లో ట్రంప్ జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో మూడు గంటలు కూర్చున్నాడు. దానికి ఏ ఎఫ్‌సీసీ, ఏ వైరు? జనం వెతుక్కుంటూ వెళ్లి విన్నారు. నా ప్రశ్న అక్కడే ఉంది.

గునుపూర్ కేబుల్

నిజమే తమ్ముడూ. మా దగ్గరా బాక్సులు వెనక్కిచ్చేస్తున్నారు. ఇంటర్నెట్ ఒక్కటి చాలు అంటున్నారు. వైరు నాదే, అందులో ఏం పోతోందో మాత్రం నాకు తెలియదు. ఏది ముందు చూపించాలో నిర్ణయించేవాడు గునుపూర్‌లో లేడు, భువనేశ్వర్‌లోనూ లేడు. వాడు ఎవరికి ఎంత ఎదురు కట్టించుకుంటున్నాడో కూడా బయటికి రాదు. జనం వెతుక్కుని వెళ్లారని మీరంటున్నారు, వాళ్ల ముందుకి తెచ్చి పెట్టారని నాకు అనుమానం. ఇద్దరి దగ్గరా రుజువు లేదు.

మహేంద్రతనయ

ఈ ఆదివారం మాట్లాడాను. ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ ఊసెత్తలేదు. బావగారు కేబుల్ తీసేసి యూట్యూబ్ టీవీ పెట్టుకున్నారట. నెల బిల్లు ఎంత, ఫాక్స్ అందులో విడిగానా కలిపా అని అడిగాను. కలిపే వస్తుందన్నారు. అందులో ఎంఎస్‌ఎన్‌బీసీ కూడా ఉందా అన్నాను (ఇప్పుడు పేరు మార్చుకున్నారు, ఆయన ఇంకా పాత పేరే అంటారు). రిమోట్ తీసుకుని చూశారు. ఉంది. "అయితే నెలనెలా వాళ్లకి కూడా నేనే కడుతున్నానా!" అని మండిపడ్డారు. వెనక నుంచి అక్క నవ్వు వినిపిస్తూనే ఉంది. ఆ ఒక్క ఛానల్ తీయించి బిల్లు తగ్గించమని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తారట. గునుపూర్ అన్నగారూ, కుదురుతుందంటారా?

గునుపూర్ కేబుల్

కుదరదమ్మా. అయినా చేయనివ్వండి.