పెళ్లి ఫొటోల నుంచి హక్కుల ఫొటోగ్రఫీకి: ఈ దారిలో నడిచినవారు చెప్పగలరా?

గుంటూరు_లెన్స్:
ఏడేళ్లుగా పెళ్లి ఫొటోల మీదే బతుకుతున్నాను. ఏడాదిగా ముహూర్తాలు లేని రోజుల్లో మా ఊరి పారిశుధ్య కార్మికులను ఫొటోలు తీస్తున్నాను. ముంబై పారిశుధ్య కార్మికుల మీద సుధారక్ ఓల్వే తీసిన నలుపు తెలుపు చిత్రాలు చూశాకే ఈ ఆలోచన పుట్టింది. 2016లో పద్మశ్రీ అందుకున్న ఆయన, పత్రికలో ఉద్యోగం చేసుకుంటూనే ఆ పని చేశారు. పెళ్లిళ్లు మానేసి దీనినే వృత్తిగా పెట్టుకుంటే ఇల్లు గడుస్తుందా?

పాతనెగెటివ్:
గడవదు. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్న నేను ఇప్పటికీ మాఘమాసం పెళ్లిళ్లు వదులుకోను. అమెరికా ఫొటోగ్రాఫర్ లూయిస్ హైన్ 1908లో న్యూయార్క్‌లో టీచరు ఉద్యోగం వదిలి, బాల కార్మిక వ్యవస్థపై పోరాడే జాతీయ సంఘం తరఫున మిల్లులు, గనులు తిరిగి, అక్కడ పనిచేసే పిల్లల ఫొటోలు తీశాడు. లోపలికి రానివ్వని చోట అబద్ధపు వేషాలు వేశాడు, పిల్లల ఎత్తును తన కోటు గుండీలతో కొలిచి, జేబులో చెయ్యి పెట్టి రహస్యంగా రాసుకున్నాడు. బాల కార్మికులపై అమెరికా అంతటికీ వర్తించి, కోర్టుల్లో నిలిచిన చట్టం 1938లో వచ్చింది, రెండేళ్లకు ఆయన పేదరికంలో కన్నుమూశాడు. ఆ ఫొటోలకు బలం ఆ రాతల వల్లే వచ్చిందని నా అభిప్రాయం. లెన్స్ కొనే ముందు మంచి నోటు పుస్తకం కొనండి.

ఇక నా తప్పు చెబుతాను. మ్యాన్‌హోల్ నుంచి నడుము దాకా బురదతో పైకి వస్తున్న ఒక కార్మికుడి ఫొటోను ఒక పత్రికకు ఇచ్చాను. వాళ్లు ముఖమూ వీధి పేరూ రెండూ వేశారు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దింపడం, చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కనుక, ఆ ఫొటో కాంట్రాక్టరు మీద సాక్ష్యమైంది. అలాంటప్పుడు ముందు మాయం చేసేది సాక్షినే. మర్నాటి నుంచి అతణ్ణి పనికి పిలవలేదు. అతను నన్ను పల్లెత్తు మాట అనలేదు కానీ, అతని భార్య మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి, "ఫొటో నీది, పస్తు మాది" అంది. అప్పటి నుంచి ఎక్కడ అచ్చవుతుందో, ఎవరు చూస్తారో చెప్పి, రెండు రోజులు ఆగి మళ్లీ అడిగాకే ఫొటో బయటికి ఇస్తున్నాను. మీరు తీసినవారికి ప్రింట్లు ఇచ్చారా?

ఓరుగల్లు_ఫ్రేమ్:
పిల్లల విషయంలో హైన్ పద్ధతి ఇప్పుడు కుదరదు. బాల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ప్రకారం, బాధితులైన, సంరక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టించే ఫొటోలు గానీ వివరాలు గానీ ప్రచురించకూడదు. పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పని (పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) చేసే ఒక అమ్మాయిని తీసినప్పుడు నేను చేతుల వరకే ఆగాను. మొగ్గను గిల్లుతున్న ఆ వేళ్లు చూస్తే వయసు తెలిసిపోతుంది.

రాత్రిబస్సు:
అండ లేకుండా దిగవద్దు. ఢాకాలో 1989లో దృక్ ఫొటో ఏజెన్సీని నెలకొల్పిన బంగ్లాదేశ్ ఫొటోగ్రాఫర్ షహీదుల్ ఆలం, 2018 ఆగస్టులో విద్యార్థుల ఆందోళన సమయంలో అరెస్టై వంద రోజులకు పైగా జైల్లో ఉన్నారు. ఆయన కోసం ప్రపంచమంతా గొంతెత్తింది. మన కోసం ఎవరు వస్తారో ముందే లెక్క వేసుకుని, ఒక వకీలు నంబరు ఇంట్లో రాసి పెట్టండి, ఫైళ్ల కాపీ ఇంకో ఇంట్లో ఉంచండి.

గుంటూరు_లెన్స్:
పాతనెగెటివ్ గారూ, నలభై మందికి పైగా తీశాను, ఒక్క ప్రింటూ ఇవ్వలేదు. ఒక అక్క, "చీపురు లేకుండా, మంచి చీర కట్టుకున్నప్పుడు ఒకటి తియ్యి బాబూ" అని రెండుసార్లు అడిగితే, నేను తీస్తున్న ఫొటోల వరుసలో ఇమడదని దాటవేశాను. ఈ ఆదివారం ఆమె ఇంటికి వెళుతున్నాను. మిగిలినవారి ప్రింట్లు రేపు ల్యాబులో ఇస్తాను.