మూత వేశాక ల్యాప్‌టాప్ స్లీప్ నుంచి హైబర్నేట్‌కి వెళ్లట్లేదు
విండోస్ 11 ల్యాప్‌టాప్. రాత్రి 11కి 92 శాతం ఛార్జింగ్‌తో మూత వేస్తే పొద్దున 6కి 61 మిగులుతోంది, అడుగుభాగం వెచ్చగా ఉంటోంది. ఏ స్లీప్ రకాలు ఉన్నాయో చూపే పవర్‌సీఎఫ్‌జీ (powercfg) కమాండ్‌లో ఎస్3 (పాత తరహా గాఢ స్లీప్) లేదు. ఎస్0 (లోపల కొంత పని నడుస్తూనే ఉండే కొత్త తరహా స్లీప్), హైబర్నేట్ (తెరిచిన పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోవడం) మాత్రమే చూపిస్తోంది.

బ్యాటరీ మీద ఉన్నప్పుడు 30 నిమిషాలకు హైబర్నేట్ అయ్యేలా పెట్టాను. స్లీప్‌లోంచి లేపే వేక్ టైమర్లు ఆపాను, స్టాండ్‌బైలో (అంటే స్లీప్‌లో) నెట్‌వర్క్ కనెక్షన్ తీసేశాను, వైఫై డ్రైవర్, బయాస్ (BIOS) అప్‌డేట్ చేశాను. అయినా స్లీప్‌లో బ్యాటరీ ఎలా ఖర్చైందో చూపే స్లీప్ స్టడీ రిపోర్టులో రాత్రంతా ఒకటే స్టాండ్‌బై సెషన్, ఎక్కువ వాడినవాటిలో పైన వైఫై అడాప్టరే. స్టార్ట్ మెనూలోంచి నేరుగా హైబర్నేట్ నొక్కితే మాత్రం చక్కగా పనిచేస్తోంది, కాబట్టి హైబర్నేషన్ ఫైల్‌లో లోపం లేనట్టే. మూత వేయగానే హైబర్నేట్ అయ్యేలా పెట్టొచ్చు గానీ, పగలు మాటిమాటికీ మూసి తెరిచే పనికి అది కుదరదు.

ఎస్0 స్లీప్‌లోంచి 30 నిమిషాలకు దానంతటదే హైబర్నేట్‌కి వెళ్లాలంటే ఇంకా ఏ సెట్టింగ్ మార్చాలి?