ప్రతి ప్రయాణానికీ సంచిలో తప్పక ఉండవలసినవి ఏవి?

తెల్లకాగితం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను తరచుగా ఊళ్లు తిరుగుతుంటాను. ఒక్కోసారి రెండు రాత్రుల పని, ఒక్కోసారి రెండు మూడు వారాల మకాం, అప్పుడప్పుడు విదేశం, వీలు దొరికితే మధ్యలో కొండదారుల్లో నడక. బయలుదేరే ముందు రాత్రి కూర్చుని ప్రతిసారీ కొత్తగా జాబితా రాసుకోవడం విసుగు పుట్టిస్తోంది. ఇంటర్నెట్‌లో జాబితాలకు కొదవ లేదు. మెడదిండు మొదలుకొని మడత గొడుగు దాకా వంద వస్తువులు వరుసగా ఇస్తారు గాని, ఏది ఎందుకు అవసరమో, ఏది లేకపోయినా గడుస్తుందో ఎవరూ చెప్పరు.

ఎక్కడికి వెళ్లినా, ఎన్ని రోజులు ఉన్నా, ఏ కాలమైనా సరే, మీ సంచిలోంచి ఎన్నడూ తీయని వస్తువులు ఏవి? వాటిని ఎంచుకోవడానికి మీరు పాటించే పద్ధతి ఏదైనా ఉందా? పవర్ బ్యాంకు, మందుల విషయంలో నియమాలు తెలిసినవారు కాస్త వివరంగా రాస్తే మరీ సంతోషం.

మూటాముల్లె:

అమెరికాలోని సియాటిల్ నగరంలో ‘ది మౌంటెనీర్స్’ అనే పర్వతారోహకుల సంఘం ఉంది. కొండ ఎక్కేవారి దగ్గర తప్పనిసరిగా ఉండవలసిన పది వస్తువుల జాబితాను ఆ సంఘం వారు 1930ల నుంచి చెబుతూ వచ్చారు. పటం, దిక్సూచి, టార్చి, అదనపు ఆహారం, అదనపు దుస్తులు, ప్రథమ చికిత్స సామగ్రి, కత్తి, అగ్గిపెట్టె వంటివి అందులో ఉంటాయి. నాకు ఆ జాబితా కంటే దాని వెనుక ఉన్న రెండు ప్రశ్నలు ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఒకటి, ప్రమాదం జరిగితే తట్టుకోగలమా? రెండు, అనుకోకుండా ఒక రాత్రి బయట గడపవలసి వస్తే క్షేమంగా గడపగలమా? మామూలు ప్రయాణానికి రెండో ప్రశ్నను కొద్దిగా మార్చుకుంటే చాలు: పెద్ద సంచి ఈ రాత్రి నాకు అందకపోతే నా పని జరుగుతుందా? జరగాలంటే ఏమేమి కావాలో అవన్నీ ఒంటిమీదో, చేతిసంచిలోనో ఉండాలి. పెద్ద సంచిలో ఉన్నదంతా ఆ లెక్కన సౌకర్యమే గాని అవసరం కాదు.

ఇక ఆ వస్తువులను ఎంచుకోవడానికి నేను పాటించే సూత్రం ఒక్కటే. వస్తువు ఖరీదును చూడను. అది కావలసి వచ్చిన గంటలో, కావలసి వచ్చిన చోట దొరుకుతుందా లేదా అన్నదే చూస్తాను. సబ్బు, దువ్వెన, తువాలు మనుషులు ఉండే ప్రతిచోటా దొరుకుతాయి. అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు టార్చి దొరకదు, మన కంటిచూపుకు సరిపడే కళ్లద్దాలు మరునాటికి కూడా దొరకవు.

అందుకని ఒక చిన్న జిప్పు సంచిని ఎప్పుడూ విప్పకుండా సిద్ధంగా ఉంచుకున్నాను. ఇంట్లో రోజూ వాడే వస్తువును అందులో పెట్టను. వాడుకలో ఉన్న ఛార్జరు, టూత్‌బ్రష్, కళ్లజోడు బయలుదేరే ఉదయం దాకా బయటే ఉంటాయి కాబట్టి జనం మరిచిపోయేవి సరిగ్గా అవే. వాటికి రెండో ప్రతులు కొని ఈ సంచికే కేటాయించాను. తలకు కట్టుకునే చిన్న టార్చి ఉంది. ఫోను టార్చి చాలదా అని అడుగుతారు గాని, అది ఒక చేతిని కట్టేస్తుంది. పైగా టికెట్టూ పటమూ ఉన్న ఫోను బ్యాటరీనే అది తాగేస్తుంది. ఆ టార్చిలో వేసే ఆల్కలైన్ బ్యాటరీలను విడిగా పెడతాను. నెలల తరబడి లోపలే వదిలేస్తే అవి కారి టార్చిని పాడుచేస్తాయి. పాత ప్లాస్టిక్ కార్డు చుట్టూ రెండు మూడు గజాల గట్టి గుడ్డ టేపు చుట్టి ఉంచాను. తెగిన సంచి పట్టీకి, ఊడిన చెప్పు అడుగుకు, పగిలిన పెట్టె మూలకు, పొక్కు లేవబోతున్న మడమకు అదే పనికివస్తుంది. ఇవి కాక దారం ఎక్కించిన సూది, పిన్నీసులు, ఒక పెన్ను, ఈల, నాలుగైదు జిప్పు కవర్లు, సన్నని తాడు ఉంటాయి. ఈల కొండదారుల్లో తప్పనిసరి; గొంతు బొంగురుపోయాక కూడా ఊదవచ్చు, మూడుసార్లు వరుసగా ఊదితే ఆపదలో ఉన్నట్టు సంకేతం.

తీగెలపని:

మూటాముల్లె గారు చెప్పినదానికి విద్యుత్తు సంగతి కలుపుతాను.

పవర్ బ్యాంకు మీద పెద్ద అంకెలతో ముద్రించే మిల్లీ ఆంపియర్ అవర్లను కాక, వాట్ అవర్లను చూడాలి. విమానయాన నియమాలన్నీ వాటి లెక్కలోనే ఉంటాయి. మిల్లీ ఆంపియర్ అవర్లను లోపలి బ్యాటరీ వోల్టేజితో, అంటే మామూలుగా 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. ఆ లెక్కన 20,000 సామర్థ్యం ఉన్నది 74 వాట్ అవర్లు. 100 వరకు ఉన్నవాటిని సాధారణంగా అనుమతిస్తారు, 100 దాటి 160 వరకు ఉన్నవాటికి విమానసంస్థ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల సామానులో చోటు లేదు. ఏ పరిమాణానిదైనా చేతిసంచిలోనే ఉండాలి, చెక్ ఇన్ చేసే పెట్టెలో పెట్టకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్యాబిన్‌లో సిబ్బంది చూసి ఆర్పగలరు, కింద సరుకుల గదిలో మొదటి పొగను పసిగట్టే మనిషి ఉండడు. ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. విమానం నిండిపోయి, ద్వారం దగ్గర మీ చేతిసంచిని కూడా కిందికి పంపుతామని అడిగినప్పుడు, దాన్ని అప్పగించే ముందే పవర్ బ్యాంకును బయటకు తీసుకోవాలి. కాబట్టి అది సంచి అడుగున కాక పై అరలో ఉండాలి.

2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో ఒక విమానం తగలబడిన తరువాత, ఆ దేశం మార్చి నుంచి పవర్ బ్యాంకులను తల పైనున్న అరల్లో పెట్టనివ్వడం లేదు. విమానంలో వాటిని వాడడాన్నే నిషేధించిన సంస్థలు కూడా ఉన్నాయి. నియమాలు మారుతున్నాయి కనుక ప్రతిసారీ టికెట్ ఇచ్చిన సంస్థ నిబంధనలు ఒకసారి చదువుకోవడం మంచిది. సామర్థ్యం చెరిగిపోయి కనబడని పవర్ బ్యాంకును తనిఖీలో ఆపేస్తారని కూడా గుర్తుంచుకోండి.

ప్లగ్ అడాప్టరు రంధ్రాల ఆకారాన్ని మాత్రమే కలుపుతుంది, వోల్టేజిని మార్చదు. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, యూరప్‌లో 230. మీ ఛార్జరు వెనుక కంటికి ఆననంత చిన్న అక్షరాలలో ఇన్‌పుట్ అని ఉన్నచోట 100 నుంచి 240 అని రాసి ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. ఫోను, లాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ అలాంటివే. జుట్టు ఆరబెట్టే యంత్రం, నీళ్లు కాచే హీటరు అలా ఉండవు. 120 వోల్టుల హీటరును 230లో పెడితే కాలిపోతుంది, 230 వోల్టులదాన్ని 120లో పెడితే దాదాపు నాలుగో వంతు వేడి మాత్రమే ఇస్తుంది. అటువంటివి మోసుకుపోకపోవడమే ఉత్తమం. ఫోనుకూ లాప్‌టాప్‌కూ కలిపి రెండు మూడు పోర్టులున్న ఒకే టైప్-సి ఛార్జరు ఉంటే ఒక అడాప్టరుతో పని జరిగిపోతుంది.

ఉత్తచేతులు:

పెద్దలు చెప్పినవన్నీ బాగున్నాయి గాని, “ఎందుకైనా మంచిది” అన్న మాట సంచికి అన్నిటికన్నా పెద్ద శత్రువని నా అభిప్రాయం. విప్పని చిన్న సంచి క్రమంగా పెద్దదవుతుంది, దానికి తోడు ఇంకొకటి పుడుతుంది. అందుకే నేను తిరిగి వచ్చిన వెంటనే, బట్టలు ఉతుక్కు వేయకముందే, తాకని వస్తువులన్నీ పక్కకు పెడతాను. మందులూ టార్చీ వంటి ఆపద వస్తువులను మినహాయిస్తే, రెండు ప్రయాణాల్లో వరుసగా తాకని వస్తువుకు మూడోసారి చోటివ్వను.

బరువంతా బట్టలదీ చెప్పులదే. వారానికైనా మూడు వారాలకైనా మూడు జతలు సరిపోతాయి, మధ్యలో ఉతుక్కోవాలి. నూలు బట్ట నీటిని పట్టుకుని ఆలస్యంగా ఆరుతుంది, పాలియెస్టర్ త్వరగా ఆరుతుంది, సన్నని మెరినో ఉన్ని చెమట వాసనను త్వరగా పట్టనివ్వదు. పిండిన చొక్కాను పొడి తువాలులో పరిచి, చాపలా గట్టిగా చుట్టి, దాని మీద మోకాలితో నొక్కితే మిగిలిన తడి తువాలుకు పోతుంది, తెల్లవారేసరికి తొడుక్కోవచ్చు. బరువైన బూట్లూ జాకెట్టూ ఒంటిమీదే వేసుకుని వెళ్లాలి. అయితే ప్రయాణం కోసమని కొత్త బూట్లు కొని నేరుగా తొడుక్కోవద్దు, ముందుగా ఇంటి చుట్టుపక్కల కొన్నాళ్లు నడిచి పాదానికి అలవాటు చేయాలి.

చేతిసంచిలో ద్రవాలకు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదన్న నియమం 2006 నుంచి ఉంది. కొత్త స్కానర్లు వచ్చిన కొన్ని విమానాశ్రయాలు సడలించినా, తిరుగు ప్రయాణంలో ఎక్కే విమానాశ్రయం సడలించకపోవచ్చు. షాంపూకూ బట్టల సబ్బుకూ గట్టి బిళ్లలు తీసుకుంటే ఆ బాధే లేదు.

మందులపెట్టె:

మందుల విషయం అడిగారు కాబట్టి రాస్తున్నాను. రోజూ వేసుకునే మందులు చేతిసంచిలోనే ఉండాలి, ప్రయాణం ఆలస్యమైనా సరిపడేలా కొన్ని రోజులకు అదనంగా ఉండాలి. మాత్రలను డబ్బాలోకి ఒలిచి పోయకుండా, పేరూ గడువు తేదీ కనబడేలా స్ట్రిప్పుతోనే ఉంచుకోవాలి. కత్తిరించేటప్పుడు పేరున్న వైపును వదిలేసి ఖాళీ వైపును కత్తిరించండి. వైద్యుని చీటీలో మందు రసాయన నామం ఉండేలా అడిగి రాయించుకోండి, ఎందుకంటే బ్రాండు పేర్లు దేశం దాటితే మారిపోతాయి. మనకు మామూలుగా తోచే మందు మరో దేశంలో నియంత్రణలో ఉండవచ్చు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే జపాన్‌లోకి తీసుకుపోకూడదు, కోడీన్ ఉన్న మందులకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ముందస్తు అనుమతి అవసరం.

ఓఆర్‌ఎస్ పొట్లాలను జాబితాలో ముందు రాసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన 20.5 గ్రాముల పొట్లాన్ని సరిగ్గా ఒక లీటరు నీటిలోనే కలపాలి. సగం పొట్లాన్ని సగం నీళ్లలో అని కంటి అంచనాతో కలిపితే లవణాల పాళ్లు తప్పుతాయి, చిక్కగా కలిపితే మేలు కంటే కీడు ఎక్కువ. అందుకే కొలత గీతలున్న లీటరు సీసా నా దృష్టిలో మందుల సామగ్రిలో భాగమే. కలిపిన నీటిని 24 గంటలు దాటితే పారబోయాలి. తాగే నీటి మీద అనుమానం ఉంటే తెర్లే దాకా కాచి, ఒక నిమిషం పాటు అలాగే తెర్లనివ్వాలి. 2,000 మీటర్ల ఎత్తు దాటిన చోట మూడు నిమిషాలు.

తెల్లకాగితం:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఉత్తచేతులు గారి పద్ధతిలో చాలా వస్తువులు ఇప్పటికే పక్కకు పోయాయి. రెండు సందేహాలు మిగిలాయి. మా అమ్మగారు ఇన్సులిన్ వాడతారు, వచ్చే ప్రయాణంలో నాతో వస్తున్నారు. దానిని ఎలా తీసుకువెళ్లాలి? రెండోది, చెక్ ఇన్ చేసిన పెట్టె నిజంగానే రాకపోతే ఏం చేయాలి?

మందులపెట్టె:

ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెట్టనే కూడదు. సరుకుల గదిలో చలికి గడ్డకట్టే అవకాశం ఉంది, ఒకసారి గడ్డకట్టినది కరిగిన తరువాత చూడడానికి మామూలుగానే కనిపించినా పనికిరాదు. చల్లని సంచిలో తీసుకువెళ్లేటప్పుడు కూడా మంచు ముక్కకు ఆనకుండా గుడ్డ చుట్టాలి. వాడుకలో ఉన్న ఇన్సులిన్ పెన్ను చాలా రకాలలో గది ఉష్ణోగ్రత దగ్గర 28 రోజుల వరకు ఉంటుంది, మీది ఎంతకాలమో దానితో వచ్చిన కాగితంలో చూడండి. మందుల సీసాలకు సాధారణంగా 100 మిల్లీలీటర్ల పరిమితి వర్తించదు గాని, వైద్యుని చీటీతో పాటు తీసి తనిఖీ వారికి ముందే చూపాలి. అమ్మగారి మందులను మీ ఇద్దరి చేతిసంచుల్లో సగం సగం పెట్టండి.

మూటాముల్లె:

పెట్టె రాకపోతే విమానాశ్రయం వదిలి వెళ్లకముందే సామాను కౌంటరులో ఫిర్యాదు రాయించి, దాని నంబరు ఉన్న కాగితం తీసుకోవాలి. చాలా దేశాల మధ్య విమానాలకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, చెక్ ఇన్ చేసిన పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజుల లోపు, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులు గడిచినా రాని పెట్టెను పోయినట్టే లెక్కించి పరిహారం కోరవచ్చు. పరిహారపు గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ (స్పెషల్ డ్రాయింగ్ రైట్స్) అంటే కొన్ని ప్రధాన కరెన్సీల ఆధారంగా అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కించే విలువ.

అయితే పెట్టెలో ఏమున్నదో చూపగలిగితేనే ఆ హక్కు వల్ల ప్రయోజనం. మూత మూసే ముందు లోపలి సామానుకూ, మూసిన తరువాత బయటి రూపానికీ ఒక్కో ఫొటో తీయండి. ఆలస్యమైన రోజుల్లో కొన్న అవసర వస్తువుల రసీదులు పారేయకండి. పిడికి కట్టిన చీటీ కన్వేయరు మీద తెగిపోతుంది కనుక, పేరూ ఫోను నంబరూ మరో కాగితం మీద రాసి లోపల బట్టలన్నిటికీ పైన, తెరవగానే కనిపించేలా ఉంచండి.