ఫోరియర్ సిరీస్: అంచు దగ్గర సున్నా ఎందుకొస్తోంది?

బరంపురం, ఎమ్మెస్సీ ఫిజిక్స్:
−పై (π) నుంచి పై వరకు ఎఫ్ = ఎక్స్‌కు ఫోరియర్ సిరీస్ (ప్రమేయాన్ని సైన్, కొసైన్‌ల మొత్తంగా రాసేది) 2(సైన్ ఎక్స్ − సైన్ 2ఎక్స్/2 + సైన్ 3ఎక్స్/3 − …) వచ్చింది. ఎక్స్ = పై పెడితే ప్రతి పదమూ సున్నా! పదం పదం అవకలనం చేస్తే 1 కూడా రావట్లేదు. ఎందుకు సార్?

పర్లాకిమిడి:
గుణకాలు సరిగ్గానే ఉన్నాయి తమ్ముడూ. సిరీస్‌కు ఆవర్తనం 2పై. అంచుకు ఎడమన విలువ పై, కుడిన −పై. విలువ తెగినచోట సిరీస్ రెండింటి సగటుకే చేరుతుంది. ఆ పక్కనే గ్రాఫ్ గీసి చూడు: ఎన్ని పదాలు కలిపినా శిఖరం 3.14 దగ్గర ఆగదు, 3.70 దాకా పోతుంది. ఇదే గిబ్స్ ప్రభావం, తెగిన ఎత్తులో దాదాపు 9 శాతం. పదాలు పెంచితే శిఖరం అంచుకు జరుగుతుందే గానీ తగ్గదు.

రాయగడ:
ఎన్‌వ పదం గుణకంలో 1/ఎన్ ఉంది కదా. అవకలనంలో 1/ఎన్‌ను ఎన్ కొట్టేస్తుంది. గుణకాలు 2 దగ్గరే నిలిచిపోతాయి, సిరీస్ అభిసరించదు. సమాకలనానికి ఆ భయం లేదు. స్థిరాంకం మాత్రం వదలొద్దు, చాలామంది మార్కులు పోయేది అక్కడే:
ఎక్స్² = పై²/3 − 4(కాస్ ఎక్స్ − కాస్ 2ఎక్స్/4 + కాస్ 3ఎక్స్/9 − …)
ఇక్కడ ఎక్స్ = పై పెట్టండి, 1 + 1/4 + 1/9 + … = పై²/6 వచ్చేస్తుంది.

బరంపురం:
0 నుంచి పై వరకే ఇచ్చి కొసైన్ సిరీస్ అడిగితే?

పర్లాకిమిడి:
కొసైన్ సున్నాకు రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడమవైపు అద్దంలో బొమ్మలా వస్తుంది, అప్పుడది |ఎక్స్|. అంచుల్లో తెగదు, గుణకాలు 1/ఎన్² లెక్కన తగ్గుతాయి, గిబ్స్ శిఖరం రాదు.