టోక్యో హడావిడి ఊరిదా, మన స్నేహితుల గుంపుదా?

వానచినుకు:

టోక్యో వెళ్ళొచ్చినవాళ్ళని ఎవరిని కదిపినా ముందు వచ్చే మాట "ఒకటే ఉరుకులు పరుగులు, ఊపిరి సలపలేదు" అని. మేమూ ఆరుగురు స్నేహితులం కలిసి వెళ్ళాం. మాలో నలుగురు ఇప్పటికీ అదే అంటున్నారు. ఆ మాట వింటే ఊరికి అన్యాయం జరుగుతోందనిపిస్తుంది నాకు. మేము పడ్డ హడావిడిలో సగానికి పైగా ఆరుగురం ఒక్కటిగా కదలాలని పట్టుబట్టడం వల్ల వచ్చిందే. ఇదీ నా వాదన. మీరేమంటారో చెప్పండి.

చుట్టుపక్కల పట్టణాలన్నీ కలుపుకుంటే దాదాపు 3.7 కోట్ల మంది ఉండే చోటు అది. అయినా రైలెక్కితే ఫోన్లో మాట్లాడేవాళ్ళు దాదాపు కనబడరు. ప్లాట్‌ఫాం మీద గీతలుంటాయి, వాటి వెంబడే వరసగా నిలబడతారు, దిగేవాళ్ళు దిగాకే ఎక్కుతారు. వీధుల్లో హారన్ వినబడటం చాలా అరుదు. ఒక్కరే నడుస్తుంటే అంత జనంలోనూ ఒక నెమ్మది తెలుస్తుంది. ఆరుగురు నడిస్తే వేరు. ఒకరికి బాత్రూం కావాలి, ఒకరు ఫోటో కోసం ఆగారు, ఇంకొకరి సుయికా కార్డులో (రైలు గేట్ల దగ్గర తాకించే ప్రీపెయిడ్ కార్డు) డబ్బులు అయిపోయాయి. ముందే గేటు దాటిన మిగతావాళ్ళం అక్కడే వెనక్కి తిరిగి నిలబడ్డాం, మా వెనకాల వచ్చేవాళ్ళందరికీ అడ్డం. అక్కడ టెన్షన్ పెట్టింది ఎవరు?

ఇంకో సంగతి. ఆ ఊళ్ళో ఎన్నో చోట్లు ఇద్దరు ముగ్గురి కోసమే ఉన్నట్టుంటాయి. షింజుకులోని గోల్డెన్ గాయ్‌నే తీసుకోండి. ఆరు ఇరుకు సందులు, వాటిలో 200 దాకా చిన్న చిన్న బార్లు. చాలావాటిలో పదిమంది కూర్చుంటే ఇక చోటుండదు. ఆరుగురం కలిసి తలుపు తీస్తే లోపలున్నాయన చేతులు రెండూ అడ్డంగా పెట్టి వద్దంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం, కూర్చోబెట్టడానికి కుర్చీలు లేవు. రామెన్ అనే నూడుల్స్ సూప్ అమ్మే కౌంటర్లూ అంతే. టాక్సీలో కూడా మామూలుగా నలుగురికే చోటు. గుంపు పెద్దదైనకొద్దీ ఇలాంటి తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటాయి, చివరికి మిగిలేవి పెద్ద కూడళ్ళు, పెద్ద షాపులు. వాటినే చూసొచ్చి ఊరంతా రద్దీ అంటున్నాం.

పగలు విడివిడిగా తిరిగి సాయంత్రం కలుసుకోవడమే టోక్యోకి తగిన పద్ధతి అంటాను.

రెండో ప్లాట్‌ఫాం:

ఒప్పుకోను. ఆ ఊరు ఎవరితో వెళ్ళినా హడావిడి ఊరే.

షింజుకు స్టేషన్ సంగతి చూడండి. రోజుకి దాదాపు 30 లక్షల మంది వచ్చిపోతారు, ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషన్‌గా గిన్నిస్ రికార్డు దానిదే. బయటికి వెళ్ళే దారులు 200కి పైనే. జేఆర్, కెయో, ఒదక్యు, టోక్యో మెట్రో, తొయె అని ఐదు సంస్థల రైళ్ళు అక్కడే కలుస్తాయి, ఎవరి గేట్లు వాళ్ళవి. తూర్పు వైపు తేలాల్సినవాళ్ళు పడమటి వైపు తేలితే ముందు ఎటు తిరగాలో కూడా తెలియదు. మొదటిసారి వెళ్ళిన మనిషిని అక్కడ ఒంటరిగా వదిలేసి "నెమ్మది చూడు" అంటే ఎలా? ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రైలెక్కి చూస్తే ఊరి అసలు వేగం తెలుస్తుంది. తలుపులు పడేందుకు సిబ్బంది జనాన్ని లోపలికి సర్దే అలవాటు ఆ ఊళ్ళో ఎప్పటినుంచో ఉంది. అది మన గుంపు తెచ్చిపెట్టింది కాదు కదా.

మా స్నేహితురాలు ఒకామె షిబుయాలో రైల్లోనే ఉండిపోయింది. మేం దిగేశాం, తలుపులు పడ్డాయి. అయితే ముందే ఒక నియమం పెట్టుకున్నాం: రైల్లో ఉండిపోయినవాళ్ళు తర్వాతి స్టేషన్‌లో దిగి, దిగిన చోటే ఉండాలి, మిగతావాళ్ళు వెనక రైల్లో వస్తారు. యమనోతె లైన్‌లో పగటిపూట నాలుగైదు నిమిషాలకో రైలు ఉంటుంది కాబట్టి కాసేపట్లోనే కలుసుకున్నాం. మేం వస్తామన్న నమ్మకం లేకపోతే అక్కడే ఏడ్చేసేదాన్నని ఆమె తర్వాత చెప్పింది. ఆమెని భయపెట్టింది ఊరు, ఆ భయం పోగొట్టింది స్నేహితులు. వానచినుకు గారు దీన్ని తలకిందులు చేసి చెబుతున్నారు.

అద్దంచాటు:

"విడివిడిగా తిరగండి" అన్నది ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ, పగటికీ రాత్రికీ ఒకేలా వర్తించే సలహా కాదు. నా అనుభవంలో పగలు వేరు, రాత్రి వేరు.

రాత్రి పూట షింజుకులోని బార్ల పేట కబుకిచోలో దారికి అడ్డం వచ్చి బార్లకి పిలిచేవాళ్ళుంటారు. వాళ్ళ వెంట వెళ్ళొద్దని వీధిలో మైకుల్లో పదే పదే చెబుతూనే ఉంటారు. వెళ్ళినవాళ్ళకి చివర్లో తట్టుకోలేని బిల్లు చేతిలో పెడతారు. అలాంటి చోట నా పక్కన స్నేహితులు ఉండి తీరాలి, ఇందులో నాకు రెండో మాట లేదు.

పగలు మాత్రం వానచినుకు గారి వైపే. ఉదయం రద్దీ వేళ చాలా లైన్లలో ఆడవాళ్ళకి విడిగా ఒక పెట్టె ఉంటుంది. మగ స్నేహితులున్న గుంపుతో వెళ్తే మనం అందులో ఎక్కం, "అందరం ఒకే పెట్టె" అని మామూలు పెట్టెలో నలిగిపోతాం. ఇది నేను చూసిందే. గుంపు కలిసి ఉండాలన్న పట్టుదలకి అక్కడ ఎక్కువ మూల్యం చెల్లించేది మేమే. ఈ మాట ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటున్నాను.

మా వాళ్ళు షాపింగ్‌కి వెళ్ళిన ఒక పగలు నేను యనకలో ఒక్కదాన్నే తిరిగాను. 1923 భూకంపం నుంచీ యుద్ధకాలపు బాంబుల నుంచీ చాలావరకు బయటపడిన పాత పేట అది. పొట్టి ఇళ్ళు, గుళ్ళు, ఒక పెద్ద శ్మశానం, ఎండలో పిల్లులు. అక్కడ నన్ను తొందరపెట్టినవాళ్ళు ఎవరూ లేరు.

కొత్తవంతెన:

నా దృష్టిలో అసలు సమస్య ఇంటర్నెట్. ఖర్చు కలిసొస్తుందని గుంపంతటికీ ఒకే పాకెట్ వైఫై అద్దెకి తీసుకుంటారు. ఆ పెట్టె ఎవరి బ్యాగులో ఉంటే వాళ్ళ వెనకే అందరూ నడవాలి. పది అడుగులు వెనకబడితే మ్యాప్ లేదు, మెసేజ్ లేదు, ఇక భయం మొదలు. ఎవరి ఫోన్‌కి వాళ్ళు ఈ-సిమ్ వేసుకుంటే ఇక్కడి వాదనలో సగం ఉండదు. పైగా టోక్యోలో చాలా వీధులకి పేర్లే ఉండవు, చిరునామా అంతా పేట, బ్లాకు, ఇంటి నంబర్ల లెక్కలోనే. ఫోన్ లేకుండా "ఫలానా వీధి మొదట్లో ఉండండి" అని చెప్పుకునే వీలు కూడా లేదు.

సుమిద ఒడ్డున:

ఉద్యోగం మీద కొన్నేళ్ళు టోక్యోలో ఉన్నాను. ఇక్కడి నుంచి వచ్చిన స్నేహితులని చాలామందిని తిప్పాను. అందుకని కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను.

ఊరి మీద అభిప్రాయం ఊరి కంటే ముందు ప్రోగ్రాం కాగితం మీదే తయారవుతుంది. ఆరుగురు వస్తే ఆరు కోరికలుంటాయి. ఒకరికి అసకుసలో సెన్‌సో-జి గుడి, ఒకరికి ఎలక్ట్రానిక్స్ షాపుల అకిహబర, ఒకరికి షిబుయా కూడలి, ఒకరికి తొయొసు చేపల మార్కెట్, ఒకరికి స్కైట్రీ టవర్. ఎవరినీ నొప్పించకూడదని అన్నీ ఒకే రోజులో ఇరికిస్తారు. అసకుస, షిబుయాల మధ్య నేరుగా గింజా లైన్ ఉంది. 1927లో మొదలైన, జపాన్‌లోకెల్లా పాత సబ్‌వే అది. ఈ చివర నుంచి ఆ చివరకి అరగంట దాటుతుంది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నాలుగుసార్లు తిరిగితే రోజులో మంచి భాగం భూమి కిందే పోతుంది. సాయంత్రానికి కాళ్ళు లాగేస్తాయి, నెపం ఊరి మీద పడుతుంది. స్నేహం కోసం ఒక్కరు కూడా "నాది వదిలేద్దాం" అనరు, "నాకిది వద్దు" అని కూడా అనరు. ఆ మొహమాటమే అందర్నీ పరిగెత్తిస్తుంది. ఇద్దరే వచ్చినప్పుడు ఈ బాధ నేను చూడలేదు.

రెండో ప్లాట్‌ఫాం గారు షింజుకు గురించి చెప్పింది నిజం. కానీ ఒకటి కలుపుతాను. 2020లో ఆ స్టేషన్ తూర్పు, పడమరల మధ్య గేట్లు దాటకుండానే నడిచిపోయే దారి తెరిచారు. స్టేషన్లకి అక్షరాలు, నంబర్లు కూడా ఉన్నాయి. యమనోతెలో షింజుకు జేవై 17, హరజుకు జేవై 19, షిబుయా జేవై 20. జపనీస్ ఒక్క ముక్క రాకపోయినా నంబర్లు చూసుకుంటూ వెళ్ళిపోవచ్చు. ఊరు కొత్తవాళ్ళ కోసం ఇంత చేసింది. గుంపులో ఉన్నప్పుడు ఈ బోర్డులు చదివేది ఒక్కరే, మిగతావాళ్ళు ఆ ఒక్కరి వీపు చూస్తూ నడుస్తారు. అందుకే చివరి రోజుకి కూడా వాళ్ళకి ఊరు అర్థం కాదు. అర్థం కానిదంతా గందరగోళంగానే కనబడుతుంది.

హరజుకునే చూడండి. స్టేషన్‌కి ఒక పక్క తకెషిత వీధి, మనిషికి మనిషి తగులుతూ నడవాలి. రెండో పక్క మెయ్జీ జింగు మందిరం చుట్టూ ఉన్న అడవి, దాదాపు 70 హెక్టార్లు. 1920లో ఆ మందిరం కట్టినప్పుడు దేశం నలుమూలల నుంచీ జనం ఇచ్చిన లక్ష దాకా చెట్లు తెచ్చి నాటారు. పెద్ద తోరణం దాటి కంకర దారిలోకి వెళ్తే కాసేపటికి నగరం చప్పుడు వినబడదు. నేను తీసుకెళ్ళిన పెద్ద గుంపుల్లో ఎక్కువమంది తకెషిత వీధి చూసి, టైం లేదని అడవి వదిలేసి వెళ్ళారు.

ఇక ఎవరూ ఎత్తని విషయం. మనకి ఊరు హడావిడిగా ఉందంటున్నాం, అక్కడివాళ్ళకి మనం ఎలా ఉన్నాం? రద్దీ వేళ పెట్టె నిండా సూట్‌కేసులు, రైల్లో గట్టిగా కబుర్లు, ఎస్కలేటర్ దిగగానే అక్కడే ఆగి దారి వెతుక్కోవడం. 2024 అక్టోబర్ నుంచి షిబుయాలో స్టేషన్ చుట్టుపక్కల రాత్రిళ్ళు వీధిలో తాగడం ఏడాది పొడవునా నిషేధించారు. గుంపులుగా చేరి రోడ్ల మీద తాగేవాళ్ళ గోల భరించలేకే ఆ నియమం పెట్టారు. వీధుల్లో చెత్తడబ్బాలు కూడా చాలా తక్కువ, 1995లో సబ్‌వేలో సారిన్ విషవాయు దాడి జరిగాక చాలాచోట్ల తీసేశారు. ఎవరి చెత్త వాళ్ళు సంచిలో పెట్టుకుని బసకి తెచ్చుకోవాలి. ఆ ఊరివాళ్ళు ఇవన్నీ రోజూ పాటిస్తేనే అంతమంది అక్కడ బతకగలుగుతున్నారు. చూడటానికి వెళ్ళినవాళ్ళం మనమూ పాటించాలి, ఇది నాకు చాలా ముఖ్యం.

వానచినుకు:

సుమిద ఒడ్డున గారూ, మొహమాటం గురించి మీరన్నది మా విషయంలో అక్షరాలా జరిగింది. ధన్యవాదాలు.

అద్దంచాటు గారు రాత్రి గురించి చెప్పింది నా వాదనకి కలుపుకుంటున్నాను. సాయంత్రం కలుసుకోవాలన్నది మొదటే రాశాను కాబట్టి ఇందులో మనకి పేచీ లేదు. కబుకిచో లాంటి చోటికి ఎవరూ ఒంటరిగా వెళ్ళొద్దు.

రెండో ప్లాట్‌ఫాం గారికి ఒక ప్రశ్న. మీ స్నేహితురాలు ఒక్కరే ప్రయాణం చేస్తూ ఉంటే రైల్లో "ఉండిపోవడం" అనేదే జరిగేది కాదు. స్టేషన్ దాటిపోతే తర్వాతి దాంట్లో దిగి, ఎదురు రైలెక్కి వచ్చేసేవారు. పైగా యమనోతె 34.5 కిలోమీటర్ల గుండ్రటి లైను, 30 స్టేషన్లు. అలాగే కూర్చున్నా గంట తిరిగేసరికి బయల్దేరిన చోటికే తెస్తుంది. ఆమెకి భయం వేసింది విడిపోయినందుకు కదా?

రెండో ప్లాట్‌ఫాం:

కొత్త ఊళ్ళో, చదవలేని లిపి మధ్య, మనిషికి భయం వేయడానికి కారణాలు అంత విడదీసి చూడలేం. ఒక్కతే వెళ్ళి ఉంటే ఆమె అసలు టోక్యోకే వెళ్ళేది కాదు, ఇంట్లో పంపేవాళ్ళు కాదు. స్నేహితులు ఉన్నారు కాబట్టే ఆ ఊరు చూసింది. మీ లెక్కలో ఇది ఎక్కడా లేదు.

ఇంకొకటి. చూసింది పంచుకోవడానికి పక్కన మనిషి లేకపోతే నాకు చూసినట్టే ఉండదు. షింజుకులో టోక్యో మహానగర ప్రభుత్వ భవనం 45వ అంతస్తు నుంచి, 202 మీటర్ల ఎత్తున, రాత్రి ఊరు చూశాం. టికెట్ లేదు, ఉచితం. ఎటు చూసినా దీపాలే, చివరెక్కడో తెలియదు. అందరం కాసేపు మాట్లాడలేదు, తర్వాత అందరం ఒకేసారి మాట్లాడాం. మీరు హడావిడి అంటున్న ఆ గుంపు లేకపోతే నాకు ఆ రాత్రి లేదు.

నిమ్మపూత:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేం ఐదుగురం వెళ్ళబోతున్నాం. విడిపోయి మళ్ళీ కలుసుకోవాలంటే ఎక్కడ బాగుంటుంది? షిబుయాలో హచికో కుక్క విగ్రహం దగ్గర అనుకున్నాం.

సుమిద ఒడ్డున:

హచికో దగ్గర వద్దండీ. 1934లో పెట్టిన విగ్రహం యుద్ధంలో కరిగించేశారు, 1948లో మళ్ళీ చేయించారు. అప్పటినుంచీ ఊళ్ళో సగంమంది కలుసుకునేది అక్కడే. ఎదురుగా ఉన్న కూడలిలో రద్దీ వేళ ఒక్క సిగ్నల్‌కి రెండు మూడు వేల మంది దాకా దాటుతారు. విగ్రహం పక్కనే నిలబడి కూడా ఒకర్నొకరు కనిపెట్టలేరు. స్టేషన్‌కి దూరంగా, కూర్చోవడానికి వీలున్న చోటు పెట్టుకోండి. మీ హోటల్ లాబీ అన్నిటికంటే మేలు. అర్ధరాత్రి దాటాక రైళ్ళు ఆగిపోతాయి, మళ్ళీ ఉదయం 5 ప్రాంతంలోనే. ఐదుగురికి రెండు టాక్సీలు కావాలి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

అద్దంచాటు:

ఐదుగురంటే ఇద్దరు, ముగ్గురుగా విడిపోండి. ఎవరు ఎవరితో అన్నది రోజూ మార్చండి, లేకపోతే అలకలు వస్తాయి.

రెండో ప్లాట్‌ఫాం:

ఇద్దరు, ముగ్గురు అంటే నాకు అభ్యంతరం లేదు. ఒక్కొక్కరుగా అంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. నిమ్మపూత గారూ, మొదటి రోజు ఐదుగురూ కలిసే తిరగండి. ఆ రోజు బోర్డులు చదివే పని ఒక్కరి మీద వదలకుండా స్టేషన్ స్టేషన్‌కీ మనిషిని మార్చండి. రెండో రోజు నుంచి విడిపోవాలో వద్దో అప్పుడు మీకే తెలుస్తుంది. వచ్చాక ఇక్కడ రాయండి, ఎవరిది ఒప్పో చూద్దాం.