హైదరాబాద్–డల్లాస్: దూరం లెక్కలో 16 గంటలు, టికెట్‌లో 23 గంటలు. ఏది నమ్మాలి?

గోదారిగట్టు:
దూరం చూపించే సైట్‌లో హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి 14,400 కి.మీ., 16 గంటలు అని ఉంది. దుబాయ్ మీదుగా టికెట్ చూస్తే 22 గంటల 50 నిమిషాలు. పైగా ఉదయం 4:10కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 4:30కి దిగుతారట! జూన్‌లో అమ్మానాన్నలకు తీయాలి. ఈ తేడా ఏంటండీ?

రన్‌వే09:
సైట్ చెప్పేది వంక లేని దారి. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. యూరప్ వైపు పోదు. దాదాపు నిటారుగా పైకెళ్లి, ఉత్తర ధ్రువానికి 500 కి.మీ. పక్కనుంచి అటు కెనడా మీదికి దిగుతుంది. ఆ దూరాన్ని గంటకు 900 కి.మీ.తో భాగిస్తే 16 గంటలు, అంతే. ఆ దారిలో నాన్‌స్టాప్ లేదు. (విమానాలకు చేతకాక కాదు, సింగపూర్–న్యూయార్క్ 15,300 కి.మీ. ఆగకుండానే వెళ్తున్నారు.)

దుబాయ్ మీదుగా 2,550 + 12,900, అంటే చుట్టు వెయ్యి కి.మీ. పైచిలుకే. మొదటి ఫ్లైట్ 4 గంటలు, ఆగేది 2:50, రెండోది 16. జూన్‌లో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 4:30 అంటే ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున 3. ఇప్పుడు 4:10 నుంచి లెక్కపెట్టండి, సరిగ్గా 22:50.

పటంపిచ్చి:
రిటర్న్ టైమ్ ఇంత ఉండదు. పైన పడమటి నుంచి తూర్పుకి వీచే గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్–దుబాయ్ పద్నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. తేదీ దగ్గరే అందరూ పొరబడతారు. శుక్రవారం రాత్రి 8కి అక్కడ ఎక్కితే, దుబాయ్‌లో రెండున్నర గంటలే ఆగినా, శంషాబాద్‌లో దిగేది ఆదివారం తెల్లవారుజామున 3కి. క్యాబ్ శనివారానికి చెప్పకండి. నవంబర్ మొదటి ఆదివారం నుంచి డల్లాస్‌తో టైమ్ తేడా పదకొండున్నర గంటలు.

లగేజీట్యాగ్:
పెద్దవాళ్లకి గంటలకంటే ఎక్కడ ఆగుతున్నారన్నది ముఖ్యం. ఒకే పీఎన్ఆర్ మీద దుబాయ్‌లో మారితే పెట్టెలు నేరుగా డల్లాస్‌కి వస్తాయి. అదే న్యూయార్క్‌లోనో చికాగోలోనో మారితే, అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, పెట్టెలు తీసుకోవడం, కస్టమ్స్ దాటి మళ్లీ వేయడం. దానికి మూడు గంటలైనా ఉంచాలి. రెండు విడి టికెట్లు చవగ్గా కనిపిస్తాయి, కానీ మొదటిది లేటై రెండోది తప్పితే కొత్త టికెట్ డబ్బు మీదే. వీల్‌చైర్ బుకింగ్‌లోనే పెట్టించండి, బోర్డింగ్ దగ్గర అడిగితే ఆలస్యం.

గోదారిగట్టు:
అర్థమైంది, థాంక్స్ అండీ. ఇంకో సైట్‌లో 7,780 మైళ్లు అని ఉంది. అది తప్పేనా?

రన్‌వే09:
అవి నాటికల్ మైళ్లు, విమానాలు, ఓడల లెక్కలో వాడేవి. 1.852తో గుణించండి, అదే 14,400 వస్తుంది. మామూలు మైళ్లలో అయితే 8,950.