శాంక్షన్ అంటే మంజూరా, ఆంక్షా?

ప్రశ్న:
మా అమ్మాయి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది. ఇంగ్లీషు పేపర్ చదువుతూ "శాంక్షన్" దగ్గర ఆగిపోయింది. లోన్ శాంక్షన్ అయిందంటే మనకు సంతోషం. ఇరాన్, రష్యా వార్తల్లో అదే మాట శిక్షలా ఉంటోంది. క్రియ అయితే మంజూరు, నామవాచకం అయితే ఆంక్ష అని చెప్పేయొచ్చా?

జవాబు (రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి):
అలా చెబితే సగమే సరిపోతుందమ్మా. గుంటూరులో మిర్చి ఎగుమతిదారుల లోన్ ఫైళ్లు చాలా ఏళ్లు చూశాను. శాంక్షన్ లెటర్ మొదట్లోనే ఇంత లిమిట్ శాంక్షన్ చేశామని ఉంటుంది. కింద షరతుల్లోకి వస్తే, శాంక్షన్డ్ దేశాలకు సరుకు పంపకూడదని ఉంటుంది. పైన డబ్బులిచ్చిన మాటే కింద దారి మూసేస్తుంది! కొత్తగా చేరిన పిల్లలకు ఆ రెండో చోట వేలు పెట్టి మరీ చూపించేవాణ్ణి. అంటే ఆంక్షలు పెట్టడమనే అర్థంలో క్రియగా కూడా వాడుతున్నారన్నమాట.

ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. పవిత్రమైనదిగా, మీరరానిదిగా శాసనం చేయడం దాని అసలు అర్థం. సెయింట్ అన్న మాట పుట్టిందీ అక్కడే. మీరితే ఏ శిక్షో చెప్పే చట్టభాగానికీ ఇదే పేరు. శాసనంగా ఆమోదించడమనే వైపు నుంచి మంజూరు, మీరితే శిక్ష అనే వైపు నుంచి ఆంక్ష వచ్చాయి.

ఇంకొకరి జవాబు:
కోర్టు వార్తలు చూడండి. అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ కింద ప్రభుత్వోద్యోగిని ప్రాసిక్యూట్ చేయాలంటే ముందుగా శాంక్షన్ కావాలి. అక్కడది నామవాచకమే, కానీ అర్థం అనుమతి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
మంచి ఉదాహరణ ఇచ్చారండీ. అందుకే అమ్మాయిని పక్కనున్న మాటలు చూడమనండి. ఇంపోజ్, లిఫ్ట్ ఉంటే ఆంక్షలే, అదీ ఎక్కువగా బహువచనంలో. 1966లో రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మీద ఐక్యరాజ్యసమితి, 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత మన మీద అమెరికా పెట్టినవి ఇవే. గ్రాంట్, అకార్డ్ పక్కనుంటే అనుమతి. గ్రూప్స్ రాస్తోంది కాబట్టి ప్రభుత్వ జీవోలు కొన్ని చదివించండి. "శాంక్షన్ ఈజ్ హియర్‌బై అకార్డెడ్" అన్న వాక్యం వాటిలో తరచూ కనిపిస్తుంది. రేపు ఉద్యోగం వచ్చాక తనే ఆ వాక్యం రాయాల్సి వస్తుంది.